వాల్వు తిప్పేవాడి పటం

యలహంక ఆఫీసులో ట్రైనింగు.
టీ, రెండు మద్దూరు వడలు, ఒక తెల్ల కాగితం,
ఐదు రంగుల స్కెచ్ పెన్నులు.
"మధ్యలో మీ పేరు రాసి సున్నా చుట్టండి,
దాన్నుంచి కొమ్మలు లాగండి" అంది ఆ పిల్ల.
ఆమె కన్నడంలో అంది, నేను లోపల తెలుగులో విన్నాను.
మునిచౌడప్ప అని రాశాను.
పేరు పొడుగు, సున్నా చిన్నది.
చివరి 'ప్ప' బయటే ఉండిపోయింది.

కొమ్మలట.
నా చేతికి పైపులే వస్తాయి.
ఇరవై రెండేళ్లుగా తెల్లవారుజాము మూడున్నరకి
భుజాన ఐదడుగుల ఇనప తాళంచెవితో తిరిగేవాణ్ణి.
ఏ వీధికి సోమవారం, ఏ వీధికి గురువారం,
ఏ మలుపులో తారు కింద మూత దాక్కుందో
ఆఫీసు పటంలో లేదు, నా పాదాల్లో ఉంది.
కొత్త ఇంజనీరు వస్తే పటం చుట్టి చంకన పెట్టుకుని
నా వెనకే నడుస్తాడు.

సరే, గీశాను.
నీలం: ఇల్లు.
సరోజ మోకాళ్లు, పెద్దోడి డిప్లొమా, చిన్నదాని కళ్లద్దాలు.
రోజూ వదలాల్సిన లైన్లు, ఒకపూట ఆపితే బిందెలు మోగుతాయి.
ఎరుపు: చీటీ బాకీ. అక్కడ నీళ్లు వెనక్కి పారతాయి.
ఆకుపచ్చ తీసుకోమంది. "మీకు ఇష్టమైనవి."
పక్కన రుద్రేశు క్రికెట్ అని రాసి, కొట్టేసి,
నిద్ర అని రాశాడు.

నేను ఏమీ రాయకుండా గీత లాగుతూ పోయాను.
కాగితం అంచు వచ్చేసింది.

ఇలాంటి లైన్లు నాకు తెలుసు.
రోడ్డు వెడల్పు చేసిననాడు ఎవరో కొస మూసి
మట్టి కప్పి మరిచిపోతారు.
పైన తారు, తారు మీద బస్ స్టాపు, పూలమ్మే ఆమె గొడుగు.
ఎప్పుడో మే నెల ఎండలో
కారణం లేకుండా రోడ్డు చెమరుస్తుంది.
అప్పుడు ట్రాఫిక్ పడుకున్నాక వెళ్లి
ఇనప కడ్డీ ఒక కొస నేలకి, ఒక కొస చెవికి
ఆనించి వింటాం.

విన్నాను, ఆ గదిలో, ఫ్యాను చప్పుడు కింద.

టర్పెంటైను వాసన.
చింతామణిలో బోర్డులు రాసే గఫార్ సాబు కొట్టు.
పన్నెండేళ్ల నేను, ఉడత తోక లాంటి బ్రష్షు.
తెలుగుకి తలకట్టు టిక్కులా పైకి విరవాలి,
కన్నడానికి కొంచెం వంచాలి,
మిగతాదంతా ఒకే గుండ్రం, ఒకే ఊపిరి.
"చివరక్షరం ఎక్కడ ఆగుతుందో చూసుకోరా,
ఆ తర్వాత మొదటిది మొదలుపెట్టు" అనేవాడు.
ఫ్లెక్సులొచ్చాయి.
గఫార్ సాబు బ్రష్షులన్నీ కడిగి, నూనె రాసి,
కాగితంలో చుట్టి నాకిచ్చాడు.
అటక మీద ఉన్నాయి. ఉండాలి.

'ప్ప' వంక చూసి నాకు నవ్వొచ్చింది.
సాబు ఉంటే నెత్తిన మొట్టేవాడు.

"గోల్ రాయండి, తేదీ కూడా వేయండి" అంది పిల్ల.
రిటైరుకి నాలుగేళ్లు.
నా బీటులో వాల్వులు మూడువందల పన్నెండు.
వేళ్లతో లెక్కేశాను, వారానికి రెండు.
ఆదివారాలు, వానలు, సరోజ ఆస్పత్రి తీసేసినా
సరిపోతుంది.

శుక్రవారం, అట్టూరు లేఅవుట్, మూడో క్రాసు.
నీళ్లు వదిలి, మూత తుడిచి, తెల్ల పెయింటు డబ్బా తెరిచాను.
బ్రష్షు వెంట్రుకలు మూడు రాలాయి.
చెయ్యి వణికింది, వయసుదో భయానిదో.
ముందు సుద్దతో కొస గుర్తు పెట్టుకున్నాను.
వీధి పేరు. సోమ, గురు.
ఎడమకి పదకొండు చుట్లు,
తొమ్మిదో చుట్టు బిగుసుకుంటుంది, బెదరొద్దు.

పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు సైకిలాపి
టార్చి పట్టాడు.
"ఎవరికి అన్నా ఇది?"
"పేరు తెలీదు, ఇంకా ఉద్యోగంలో చేరలేదు" అన్నాను.
"వెలుగు కాస్త ఇటు పట్టు,
తలకట్టు వంచాలి."